తిన్నది ఒంటబట్టాలంటే

"రోజూ ఆకుకూరలు తింటూనే ఉన్నాం కదండీ, మరి రక్తం ఎందుకు పట్టడం లేదు?" రక్తపరీక్ష రిపోర్టు చేత్తో పట్టుకుని ఆడవాళ్లు డాక్టరును అడిగే ప్రశ్న ఇది. చాలా న్యాయమైన ప్రశ్న. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. వీళ్లంతా పస్తులుంటున్నవాళ్లు కాదు. చాలామంది రెండు పూటలా కడుపునిండా అన్నం తింటున్నవాళ్లే.

పోషకాహారం గురించి మనకు బడిలో చెప్పింది జాబితాల రూపంలో చెప్పారు. అన్నంలో పిండిపదార్థం, పప్పులో మాంసకృత్తులు, ఆకుకూరల్లో ఇనుము, జామకాయలో సి విటమిన్. పరీక్షకు అది చాలు. ఒంట్లో జరిగే పని మాత్రం జాబితా ప్రకారం జరగదు. ఒక పోషకం పని మొదలుపెట్టాలంటే పక్కన ఇంకొకటి ఉండాలి. ఆ రెండోది లేకపోతే మొదటిది ఎంత తిన్నా అక్కరకు రాదు. ఈ సంగతి అర్థం చేసుకోవడానికి తెలుగు నేల మీద జరిగిన కథలే కావలసినన్ని ఉన్నాయి.

ముందు అన్నం సంగతి. మనం తినే అన్నం పేగుల్లో గ్లూకోజుగా మారి రక్తంలో కలుస్తుంది. ఒంటి బరువులో నూటికి రెండు పాళ్లు మాత్రమే ఉండే మెదడు, మనం ఊరికే కూర్చున్నప్పుడు ఒళ్లు ఖర్చుపెట్టే శక్తిలో దాదాపు ఐదో వంతు వాడేసుకుంటుంది. దానికి ఇష్టమైన ఇంధనం గ్లూకోజే. అయితే కండరమైనా మెదడైనా గ్లూకోజును నేరుగా వాడుకోలేదు. దాన్ని విరిచి, అందులోని శక్తిని ఏటీపీ అనే అణువులోకి ఎక్కించాలి. గుండె కొట్టుకోవడం దగ్గర్నుంచి కనురెప్ప ఆడించడం దాకా అన్నిటికీ ఖర్చయ్యేది ఆ ఏటీపీయే. ఒక రోజులో మన ఒంట్లో తయారై, ఖర్చై, మళ్లీ తయారయ్యే ఏటీపీని లెక్కగడితే సుమారు మన బరువంత ఉంటుంది. 1929లో కండరంలో ఈ ఏటీపీని కనిపెట్టినవాళ్లలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ఆ పని చేశారు. ఆయన పేరు ఇంకోసారి వస్తుంది.

గ్లూకోజు నుంచి ఏటీపీ తయారయ్యే దారిలో ఒక కీలకమైన చోట థయామిన్ కావాలి. బి1 విటమిన్ అనేది దీన్నే. రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములు చాలు. అది లేకపోతే కట్టెలు నిండా పేర్చి నిప్పు పెట్టని పొయ్యి లాగా ఉంటుంది ఒళ్లు. అన్నం తింటూనే ఉంటారు, కాళ్లు లాగుతుంటాయి, తిమ్మిర్లెక్కుతాయి, వాపులొస్తాయి, చివరికి గుండె దెబ్బతింటుంది. దీని పేరు బెరిబెరి.

ఇది ఎక్కడో జావాలోనూ జపాన్‌లోనూ మాత్రమే ఉన్న జబ్బు అనుకుంటాం. కాదు. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన మాల్కంసన్ 1835లోనే బెరిబెరి మీద పుస్తకం రాశాడు. ఆనాటి ఉత్తర సర్కారుల్లో, అంటే మన కోస్తాలో, ఈ జబ్బు బాగా కనిపించేది. ఆ తర్వాత వంద ఏళ్లకు కూడా అక్కడ పోలేదు. పక్కనున్న తమిళ ప్రాంతాల్లోనూ అన్నమే తింటారు కదా, అక్కడ ఎందుకు అంతగా లేదు? తేడా బియ్యంలో ఉంది. అక్కడ ఎక్కువగా వాడింది ఉప్పుడు బియ్యం. మనవాళ్లకు ఇష్టం పచ్చిబియ్యం. థయామిన్ గింజ పైపొరలోనూ మొలకెత్తే ముక్కులోనూ ఉంటుంది. మరలో ఆడించి తెల్లగా పాలిష్ పట్టినప్పుడు అది తవుడుతో పాటు పశువులకు పోతుంది. దంపుడు బియ్యంలో ఉండే థయామిన్‌తో పోలిస్తే పాలిష్ బియ్యంలో మిగిలేది నాలుగో వంతో ఐదో వంతో. అదే వడ్లను ముందు ఉడికించి, ఎండబెట్టి, ఆ తర్వాత మరపట్టిస్తే పైపొరలోని థయామిన్ కొంత గింజ లోపలికి ఇంకుతుంది. పాలిష్ పట్టినా మొత్తం పోదు.

ఆ మిగిలిన కాస్త కూడా మన వంటింట్లో పోతుంది. థయామిన్ నీళ్లలో కరిగిపోయేది. బియ్యాన్ని మూడు నాలుగు సార్లు పిసికి పిసికి కడిగితే కుడితిలోకి పోతుంది. గంజి వారిస్తే గంజిలోకి పోతుంది. పాత రోజుల్లో ఆ గంజిలో ఉప్పేసుకుని తాగేవాళ్లు, పోయిందాంట్లో కొంత తిరిగి వచ్చేది. ఇప్పుడు తాగేవాళ్లు తక్కువ. ప్రెషర్ కుక్కర్లో ఎసరు ఇగిరేలా వండుకునే ఇళ్లలో ఈ నష్టం తక్కువ.

ఒక్క విషయం ఇక్కడ గమనించాలి. అన్నం ఎంత ఎక్కువ తింటే థయామిన్ అవసరం అంత పెరుగుతుంది, ఎందుకంటే మండించాల్సిన గ్లూకోజు అంత ఎక్కువ. కూర కాస్త, అన్నం గుట్టలా పెట్టుకునే కంచంలో కొరత రెట్టింపవుతుంది. మద్యం ఎక్కువగా తాగేవాళ్లలో థయామిన్ పేగుల నుంచి సరిగా ఎక్కదు, అందుకే వాళ్లలో ఈ లోపం ఇప్పటికీ ఆసుపత్రుల్లో కనిపిస్తుంది. 1918లో తమిళనాడులోని కూనూరులో రాబర్ట్ మెకారిసన్ అనే బ్రిటిష్ వైద్యుడు మొదలుపెట్టిన బెరిబెరి పరిశోధన విభాగమే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు వచ్చి, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అయింది.

ఆ సంస్థ హైదరాబాదుకు వచ్చిన కొద్ది రోజుల్లోనే ఎదుర్కొన్న చిక్కుముడి ఇంకా ఆసక్తికరం. దక్కన్ పీఠభూమిలో జొన్నలే ప్రధానంగా తినే పేదల్లో పెల్లాగ్రా అనే జబ్బు కనిపించింది. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది, మెడ చుట్టూ కంటె పెట్టుకున్నట్టు మచ్చ పడుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి, ముదిరితే మతి చలిస్తుంది. నయాసిన్ అనే బి విటమిన్ లోపం వల్ల వచ్చేది ఇది. అమెరికాలోనూ ఐరోపాలోనూ మొక్కజొన్న తప్ప వేరే గతి లేని పేదలకు వచ్చేది. మొక్కజొన్నకు పుట్టిల్లైన మెక్సికోలో మాత్రం రాలేదు, అక్కడివాళ్లు మొక్కజొన్నను సున్నపు నీళ్లలో ఉడికించి వాడతారు. అలా చేస్తే గింజలో బిగుసుకుపోయిన నయాసిన్ విడుదలవుతుంది. గింజను తీసుకెళ్లిన దేశాలు ఆ వంట పద్ధతిని తీసుకెళ్లలేదు.

మరి జొన్న సంగతేంటి? నయాసిన్ తక్కువైనా, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం తగినంత ఉంటే ఒళ్లు దాంతో నయాసిన్ తయారుచేసుకోగలదు. సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్‌కు ఒక మిల్లీగ్రాము నయాసిన్. జొన్నలో ట్రిప్టోఫాన్ మొక్కజొన్నలో ఉన్నంత తక్కువేమీ కాదు. అయినా జబ్బు వస్తోంది. జొన్నలో లూసిన్ అనే మరో అమైనో ఆమ్లం మరీ ఎక్కువగా ఉందనీ, అది ఈ తయారీకి అడ్డుపడుతోందనీ ఆ సంస్థ శాస్త్రవేత్తలు సి.గోపాలన్, ఎస్.జి.శ్రీకాంతయ్య 1960లో ప్రతిపాదించారు. దాని మీద తర్వాత చాలా వాదోపవాదాలు జరిగాయి. అది ఎలా తేలినా, ఒక పోషకం తక్కువ కావడమే కాదు, ఒకటి మరీ ఎక్కువై ఇంకొకదాన్ని అణచడం కూడా లోపానికి దారితీయొచ్చన్న ఆలోచన మన నేల మీద నుంచి వెళ్లింది.

ఈ కథ విని జొన్న చెడ్డదనుకోవద్దు. జొన్నరొట్టెకు తోడు పప్పు, ఇంత మజ్జిగ, ఎప్పుడైనా గుడ్డో మాంసమో ఉన్న ఇంట్లో పెల్లాగ్రా రాదు. జొన్న గటక తప్ప మరేమీ దొరకని ఇంట్లో వచ్చింది. ఇప్పుడు చిరుధాన్యాలను సర్వరోగ నివారిణిగా అమ్ముతున్న రోజుల్లో ఈ తేడా గుర్తుంచుకోవడం చాలా అవసరమని నాకనిపిస్తుంది. ఏ ధాన్యమైనా ఒంటరిగా మనిషిని పోషించలేదు.

అమైనో ఆమ్లాల మాట వచ్చింది కాబట్టి మాంసకృత్తుల లెక్క కూడా చూద్దాం. మనం తిన్న ప్రొటీన్ ఇరవై రకాల అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. వాటిలో తొమ్మిదింటిని పెద్దవాళ్ల ఒళ్లు కూడా తయారుచేసుకోలేదు, తిండిలోనే రావాలి. వాటిలో ఏ ఒక్కటి తక్కువైనా మిగతావి కండగా మారకుండా ఇంధనంగా కాలిపోతాయి. బియ్యంలో లైసిన్ తక్కువ. పప్పుల్లో లైసిన్ బాగా ఉంటుంది గానీ మెథియోనిన్ తక్కువ. అది బియ్యంలో ఉంది. పప్పన్నం ఎందుకు మంచి తిండో ఈ ఒక్క ముక్కలో తెలుస్తుంది. పెసరట్టు కన్నా ఇడ్లీలో ఈ పొందిక ఇంకా చక్కగా కుదురుతుంది, మినప్పప్పూ బియ్యం రెండూ అందులోనే ఉన్నాయి కదా.

పొందిక బాగానే ఉంది, పాళ్లు తప్పుతున్నాయి. భారత వైద్య పరిశోధన మండలి 2020 లెక్క ప్రకారం 55 కిలోల ఆడమనిషికి రోజుకు 46 గ్రాముల ప్రొటీన్ కావాలి. రోజుకు 300 గ్రాముల బియ్యం వండుకుని తింటే ఇరవై రెండు గ్రాములు వస్తాయి అనుకుందాం. పల్చటి పప్పుచారులో ఆమె వంతుకు పడే కందిపప్పు పాతిక గ్రాములు, అందులో ప్రొటీన్ ఐదారు గ్రాములు. ఒక కప్పు పెరుగుతో ఇంకో ఆరు. మొత్తం 34. పన్నెండు గ్రాములు తక్కువ. రెండు గుడ్లతో ఆ లోటు తీరిపోతుంది. గుడ్డు తిననివాళ్లకు యాభై గ్రాముల శనగలో బొబ్బర్లో వేరుశనగ గుళ్లో ఆ లోటును చాలావరకు తీరుస్తాయి. ఇది అంత పెద్ద ఖర్చు కాదు. అసలు కష్టం వేరే చోట ఉంది. చాలా ఇళ్లలో గుడ్డుకూర మగవాళ్లకూ పిల్లలకూ వడ్డించాక అడుగున మిగిలిన పులుసుతో ఆమె ముద్ద కలుపుకుంటుంది. ఆ అలవాటును త్యాగమని పొగడటం మానేసి, ఆమె కంచంలో గుడ్డు ముందే పెట్టి పక్కన ఉంచడం నేర్చుకోవాలి.

ఇక ఇనుము. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి.

ఒక మనిషి ఒంట్లో ఉండే ఇనుము మొత్తం మూడు నాలుగు గ్రాములు. గోడకు కొట్టే చిన్న మేకు బరువంత. అందులో మూడింట రెండు వంతులు ఎర్ర రక్తకణాల్లో, హిమోగ్లోబిన్‌లో ఉంటుంది. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్‌ను పట్టుకుని ఒళ్లంతా పంచేది ఆ ఇనుమే. ఎర్రకణం 120 రోజులు బతుకుతుంది. ముసలిదైన కణాన్ని ప్లీహం, కాలేయం విరగ్గొట్టి, అందులోని ఇనుమును జాగ్రత్తగా తీసి ఎముక మజ్జకు పంపి కొత్త కణాల్లో పెట్టిస్తాయి. ఇంత పొదుపుగా మళ్లీ మళ్లీ వాడుకునే వస్తువు ఒంట్లో ఇంకోటి అరుదు. ఆ పొదుపు వల్లే మగవాళ్లకు రోజూ పోయేది ఒక మిల్లీగ్రాము దాకా మాత్రమే. నెలసరి వల్ల ఆడవాళ్లకు అంతకంటే ఎక్కువ పోతుంది. మరి రోజుకు రెండు మిల్లీగ్రాముల లోటు పూడ్చుకోవడానికి ఆడవాళ్లు 29 మిల్లీగ్రాములు తినాలని ఎందుకు చెబుతున్నారు?

ఎందుకంటే మన తిండిలోని ఇనుములో నూటికి ఐదు నుంచి ఎనిమిది పాళ్లు మాత్రమే పేగు దాటి రక్తంలోకి వస్తుంది. వంద గ్రాముల తోటకూరలో ఇనుము ఐదు మిల్లీగ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. అందులో ఒంటికి దక్కేది అర మిల్లీగ్రాము కూడా కాదు. మొక్కల్లోని ఇనుము ఒక రసాయన రూపంలో ఉంటుంది, పేగు తీసుకునేది వేరే రూపం. దాన్ని మార్చి పెట్టేది సి విటమిన్. అడ్డుపడేవి చాలా ఉన్నాయి. ధాన్యాల పైపొరలో, పప్పుల్లో ఉండే ఫైటేట్లు ఇనుమును కట్టిపడేస్తాయి. టీ, కాఫీల్లోని టానిన్లు కూడా అంతే. భోజనంతో పాటు టీ తాగితే ఇనుము దక్కడం సగానికి పైగా పడిపోవచ్చు. ఇడ్లీ తినగానే టీ, అన్నం తిని లేవగానే టీ అలవాటున్న ఇంట్లో మొదట మార్చాల్సింది ఇదే. టీ మానక్కర్లేదు, తిండికీ దానికీ మధ్య గంటో గంటన్నరో ఎడం ఉంటే చాలు.

సి విటమిన్ వేడికి తట్టుకోదు. అందుకే నిమ్మకాయ పొయ్యి మీద కాకుండా గిన్నె దించాక, ఇంకా మంచిది కంచంలోనే, పిండుకోవాలి. భోజనం కాగానే ఒక జామకాయ, లేదంటే పచ్చి ఉసిరికాయ ముక్కలు. చౌకగా దొరికే వాటిలో వీటికి సాటి రావు. శనగలు, పెసలు నానబెట్టి మొలకెత్తిస్తే ఫైటేట్లు కొంత విరిగిపోతాయి. ఇడ్లీ పిండి రాత్రంతా పులిసినప్పుడూ అంతే. మాంసం, చేపలు, మేక కార్జంలోని ఇనుము సంగతి వేరు. అది పేగులోకి వేరే దారిన వెళుతుంది, నూటికి పదిహేను నుంచి పాతిక పాళ్లు దక్కుతుంది. పైగా అదే కంచంలో ఉన్న ఆకుకూర ఇనుమును కూడా తనతో తీసుకుపోతుంది. గోంగూర మాంసం కలిపి వండటంలో ఈ మేలు కూడా ఉంది.

ఇందాక దంపుడు బియ్యంలో థయామిన్ ఎక్కువన్నాను. ఫైటేట్లూ అందులోనే ఎక్కువ. ఒకచోట లాభం, ఇంకోచోట చిక్కు. పోషకాహారంలో "ఇది మంచిది, అది చెడ్డది" అని తీర్పు చెప్పడం అందుకే కుదరదు. దంపుడు బియ్యం తినండి, పక్కన నిమ్మకాయ పెట్టుకోండి అనడం కుదురుతుంది.

కంచం సరిగ్గా ఉన్నా ఇనుము ఎక్కని సందర్భాలున్నాయి. ఒంట్లో ఏదైనా ఇన్ఫెక్షనో, ఎడతెగని వాపో ఉంటే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్ ఎక్కువగా వదులుతుంది. అది పేగు తలుపులు మూసేస్తుంది. క్రిములు బతకడానికి కూడా ఇనుము కావాలి కాబట్టి వాటికి దొరక్కుండా ఒళ్లు చేసుకున్న ఏర్పాటు. ఇక కొంకి పురుగులైతే పేగు గోడకు కరుచుకుని రక్తమే తాగేస్తాయి. చెప్పుల్లేకుండా మలం కలిసిన మట్టిలో నడిస్తే పాదాల గుండా ఒంట్లోకి వస్తాయి. పిల్లలకు బడిలో నులిపురుగుల మాత్ర వేయడం ఇందుకే. మంచి నీళ్లు, మరుగుదొడ్డి కూడా పోషకాహారంలో భాగమేనని ఒప్పుకోక తప్పదు.

వంద మిల్లీలీటర్ల రక్తానికి హిమోగ్లోబిన్ గర్భిణి కాని ఆడవాళ్లలో 12, గర్భిణుల్లో 11 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత అంటారు. బాగా తగ్గాక తిండితో మాత్రమే సరిచేయడం కష్టం, మాత్రలు వేసుకోవాలి. ఆశా కార్యకర్త ఇచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. మలం నల్లగా రావడం మామూలే, భయపడొద్దు. పాలతో, టీతో, కాల్షియం మాత్రతో కలిపి వేసుకోకూడదు. హిమోగ్లోబిన్ మామూలుకు రాగానే చాలామంది ఆపేస్తారు. అప్పటికి రక్తంలోకి మాత్రమే ఇనుము చేరింది, నిల్వలు ఇంకా ఖాళీగానే ఉంటాయి. డాక్టరు చెబితే మరో మూడు నెలలు వేసుకోవాలి. తలసీమియా లాంటి వంశపారంపర్య జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా ఐరన్ మాత్రలు మొదలుపెట్టకూడదు.

ఆ మాత్రలో ఫోలిక్ ఆమ్లం ఎందుకు? ఎముక మజ్జ క్షణానికి ఇరవై లక్షల దాకా ఎర్రకణాలు తయారుచేస్తుంది. ప్రతి కణం విభజనకూ డీఎన్ఏ కొత్త ప్రతి కావాలి, దానికి ఫోలేట్ కావాలి. అది లేకపోతే కణాలు విడిపోలేక పెద్దవిగా, పనికిరానివిగా మిగిలిపోతాయి. బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల్లో ఇలాంటి రక్తహీనత చూసి, ఈస్టు సారంతో నయమవుతుందని 1931లో చెప్పింది లూసీ విల్స్ అనే ఇంగ్లిష్ డాక్టరమ్మ. ఆ సారంలో పనిచేసిన పదార్థాన్ని 1945లో ప్రయోగశాలలో తయారుచేసింది లెడర్లీ అనే అమెరికా మందుల సంస్థలో సుబ్బారావు నాయకత్వంలోని బృందం. స్ప్రూ అనే పేగు జబ్బుతో సోదరులను పోగొట్టుకుని, తానూ ఆ జబ్బుతోనే అల్లాడిన మనిషి ఆయన. ఆ జబ్బుకు మందుగా పనికొచ్చింది ఈ ఫోలిక్ ఆమ్లమే. గర్భం నిలిచిన మొదటి నాలుగు వారాల్లోనే బిడ్డ వెన్నుపాము గొట్టం మూసుకోవాలి, అప్పటికి చాలామందికి గర్భం సంగతే తెలియదు. అందుకే పిల్లలు కావాలనుకున్నప్పుడే ఫోలిక్ ఆమ్లం మొదలుపెట్టమంటారు.

ఫోలేట్‌కు జోడీ బి12. ఇది మొక్కల్లో దొరకదు. పాలు, గుడ్లు, చేపలు, మాంసంలో ఉంటుంది. కాలేయంలో కొన్నేళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి లోపం మెల్లగా బయటపడుతుంది. అరికాళ్లలో తిమ్మిరి, తూలడం, మతిమరుపు. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బి12 తగ్గొచ్చు, తిమ్మిర్లన్నీ షుగరువే అనుకుని వదిలేయకుండా ఒకసారి పరీక్ష చేయించుకోవాలి. బి12 లోపంలో ఫోలిక్ ఆమ్లం ఒక్కటే వేసుకుంటే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, నరాలు మాత్రం లోలోపల దెబ్బతింటూనే ఉంటాయి.

నూనె, నెయ్యి గురించి ఒక్క మాట. గ్రాముకు తొమ్మిది కేలరీలు, పిండిపదార్థానికీ ప్రొటీన్‌కూ ఉన్న నాలుగు కేలరీలకు రెట్టింపు కంటే ఎక్కువ. కాబట్టి ఎక్కువైతే బరువు పెరగడం ఖాయం. అలాగని పూర్తిగా మానేస్తే మునగాకు, క్యారెట్‌లోని కెరోటిన్ ఒంటికి పట్టదు. ఎ, డి, ఇ, కె విటమిన్లు కొవ్వులోనే కరుగుతాయి. పప్పులో ఒక చెంచా పోపు నూనె చాలు.

రేషన్ బియ్యంలో ఒక్కోసారి తేడాగా కనిపించే గింజలు కొన్ని ఉంటాయి. ప్లాస్టిక్ బియ్యం అంటూ వాటిని చాటలో ఏరి పారేస్తున్నారు. అవి బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి మళ్లీ గింజ ఆకారంలో పోత పోసినవి. నూరు పాళ్ల మామూలు బియ్యానికి ఒక పాలు కలుపుతారు. నానితే తేలడం, కాస్త మెత్తబడటం వాటి తయారీ వల్లే. మరలో పోయిన థయామిన్‌ను కలపడం మాత్రం తప్పనిసరి చేయలేదు. కంచంలో పప్పు, ఆకుకూర, గుడ్డు చేయాల్సిన పనిని ఈ గింజలు చేయలేవు. అయినా వాటిని ఏరి పారేయకండి. ఒకటి రెండుసార్లు మెల్లగా కడిగి, గంజి వార్చకుండా సరిపడా ఎసరుతో వండుకుంటే వాటిలో ఉన్నదీ, బియ్యంలో మిగిలిందీ రెండూ కంచంలోకే వస్తాయి.